యాభై నాలుగు కిలోలు

తమ్ముడు మొగిలి రాసుకొచ్చిన ప్రకటన మూడు లైన్లు:
పేషెంటును చూసుకోను ఆడమనిషి కావలెను.
నమ్మకస్తురాలు, ఓపిక గలది, బాదరబందీ లేనిది.
తిండి ఉచితం.

చిత్తూరంతా తిరిగింది ఆ కాయితం నెలన్నర.
వచ్చినోళ్ళు ముగ్గురు.
ఒకామె మంచం చూసింది, ఒకామె గోడలు చూసింది,
మూడో ఆమె జీతమెంతని అడిగి
వాడు "చూద్దాంలేమ్మా" అనంగానే చెప్పులేసుకొనింది.

బాదరబందీ లేనిది అంటే ఏందిరా, అన్నాను.
బిడ్డలు లేనిదా? ఇల్లే లేనిదా?
మనక్కావలసిందంతా రాసినావు,
ఆమెకేమిస్తామో ఒక్క ముక్క లేదే.
నీ మండీలో ఇట్లా బేరం చేస్తే
మాంగాయ ట్రాక్టరు వెనక్కి తిప్పుకొని పోరా రైతులు?

పదమూడేళ్ళు లెక్కలు చెప్పినదాన్ని.
ఇచ్చిన విలువలు ముందు రాయండ్రా అని
బోర్డు మీద కొట్టి కొట్టి చెప్పినదాన్ని.
కుడిచెయ్యి ఇంకా నా మాట వింటుంది.
పెన్ను తెమ్మన్నాను.

జీతం పదిహేడు వేలు, ఒకటో తేదీన.
పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదున్నర.
ఆదివారం సెలవు, అడగాల్సిన పని లేదు.
వంటా అంట్లూ మీ పని కాదు.
రాత్రిళ్ళు పక్క తిప్పేది మా తమ్ముడి వంతు.
నాకు నలభై ఒకటి. స్కూటరు మీంచి పడినాను,
నడుము కింద తెలివి లేదు.
బరువు యాభై నాలుగు కిలోలు. ఒంటరిగా ఎత్తకండి,
వేలూరు నర్సమ్మ చెప్పిన పద్ధతి నేను నేర్పిస్తాను.
దొడ్డికీ ఒంటికీ మీరే చూడాలి.

ఇక్కడ పెన్ను కాసేపు నిలబడింది.

"ఇంత పచ్చిగానా అక్కా, ఎవరొస్తారు?"
రాకూడనోళ్ళు రారు గదా.
అని, ఇంకో లైను చేర్చాను:
నాకు కోపం జాస్తి, పదీ పన్నెండు మధ్య మరీ.
అది మీ మీద కాదు.

ఈసారి కాయితం వేరే దారిన పోయింది.
నర్సింగు పిలకాయలు టీ తాగే బంకుకు,
గుడిపాల బస్సులో డ్రైవరు వెనక రేకుకు,
గ్రీమ్స్‌పేట చౌకదుకాణం తలుపుకు.
తొమ్మిది ఫోన్లు. ఒకాయన కూడా చేశాడు,
"మొగోళ్ళు చెయ్యకూడదామ్మా?" అని.
జవాబు వెంటనే తోచలేదు నాకు.

జ్ఞానసుందరి గొడుగు మడిచి, కాయితం విప్పి,
కూర్చోకముందే అడిగింది:
"యాభై నాలుగని రాసినారే, ఎప్పుడు తూచినారు?"
వేలూరులో. రెండేళ్ళయింది.
"ఈ చేతులు చూస్తే అంత లేరక్కా మీరు."

మండీకి పోయినాము.
తోతాపురి గంపలు పక్కకు జరిపి
చక్రాల కుర్చీతోనే కాటా మీదికెక్కించినారు నన్ను.
హమాలీలు మర్యాదగా అటు తిరిగి బీడీలు వెతుక్కున్నారు.
అరవై అయిదు.
కుర్చీ పద్దెనిమిది.
తీసివేత నేనే చేసినాను.
ఆమె "చూసినారా" అనలేదు.
సంచిలోంచి పెన్ను తీసి
నా ప్రకటనలో నా అంకె కొట్టేసి
నలభై ఏడని రాసింది, టీచరు దిద్దినట్టు.

అప్పుడు మా ఇద్దరినీ నిలబెట్టి అడిగింది,
అంటే మొగిలిని నిలబెట్టి:
"ఆదివారం ఈయమ్మకు ఎవరు?
నీకు జొరమొస్తే రాత్రికెవరు?
అది తేలకుంటే నా సెలవు సెలవు కాదు గదా అన్నా."
కాటా ముల్లు ఇంకా ఊగుతానే ఉంది.

ఇంట్లో మాట్లాడి రేపు ఫోన్ చేస్తుందంట.
ఇంకో రెండిళ్ళు కూడా చూడాలంట.

రాత్రి పక్క తిప్పను వచ్చినప్పుడు
ఫోనుకు ఛార్జింగు ఉందేమో చూడమన్నాను.
ఉంది. మళ్ళీ చూడమన్నాను.
మొగిలి ఆ కాయితం వెనకపక్క
ఏదో రాస్తా కూర్చున్నాడు:
ఆదివారం, రెండు చుక్కలు,
ఆ పక్కన ఇంకా ఏమీ లేదు.