పదమూడోది

బరంపురం స్టేషన్ బయట
రైలు నాలుగ్గంటలు లేటని తెలిసి
ఆవిడ నా బండెక్కింది.
"చూడదగ్గదేమైనా ఉందా ఈ చుట్టుపక్కల?"

దారిపొడుగునా వేళ్లమీద లెక్క చెప్పింది:
ఆగ్రా అయింది, హంపి అయింది, సాంచి అయింది,
కాశీలో రెండు హారతులు,
మొన్న పూరీ, నిన్న కోణార్క్.
రాతిచక్రం పక్కన నిలబడ్డ ఫోటో
గేదెలు అడ్డమొచ్చి బండి ఆగినప్పుడు
నా ముఖానికి పెట్టింది.

నేను తిప్పని గుడి లేదు, కోట లేదు.
లోపలికెళ్లింది తక్కువ.
డ్రైవర్‌కి ఏ పుణ్యక్షేత్రమైనా
పార్కింగు చీటీ, కాస్త వేపనీడ.

రుషికుల్య గాలి తగిలే చోట, జౌగడ.
కోటంటారు గాని మట్టిదిబ్బలు,
దిబ్బలమీద మేకలు,
నడుమ ఇనప కటకటాల వెనక ఒక బండ,
లాకప్‌లో పడేసిన ముసలి ఏనుగులా.

"ఇంతేనా?" అంది ఆవిడ.

తాళం తీసినవాడు బనమాలి గౌడో.
చేతులకి పాల వాసన, మాటకి బీడీ వాసన.
"ఒకప్పుడిది లక్కకోట.
నిచ్చెన వేస్తే శత్రువు జారిపోయేవాడట.
పాలమ్ముకునే ఆడమనిషి నోరుజారింది,
నిప్పు పెడితే కరుగుతుందని.
మా కులం మనిషే.
అందుకే కాబోలు, తాళంచెవి నాకు కట్టబెట్టారు"
అని ఒరియాలో నవ్వాడు.
నేను తెలుగులో చెప్పేసరికి
ఆ నవ్వు సగమే మిగిలింది.

ఆవిడ కళ్లజోడు మార్చి బోర్డు చదివింది.
పెచ్చులూడిన రాతిమీద అక్షరాలు
నడుస్తూ నడుస్తూ ఆగిపోయిన చీమలబారు.
"అదేంటి," అంది నెమ్మదిగా,
"పది తర్వాత పద్నాలుగు!"

పదకొండు, పన్నెండు, పదమూడు
ఇక్కడ చెక్కలేదు.
కళింగం మీద పడ్డాక,
లక్షమంది చచ్చాక,
మనసు నొచ్చుకుందని రాజు చెప్పుకున్నది
ఆ పదమూడోదాంట్లోనేనట.
ఎక్కడో వాయవ్యపు కొండలకి చెప్పాడు,
ఈ నెత్తురు చూడని రాళ్లకి చెప్పాడు.
చచ్చినవాళ్ల వాకిట్లో మాత్రం
మనుషులంతా నా బిడ్డలేనని
వేరే మాట చెక్కించాడు.

"సిగ్గేసుంటుంది," అన్నాడు బనమాలి.
"భయం," అంది ఆవిడ.
ఇద్దరి మాటా అటూ ఇటూ చేరవేశాను.
నా మాటంటూ ఏమీ అనలేదు.

ఈ బండి డౌన్‌పేమెంట్
మా నాన్న మగ్గం.
తమ్ముడు కూర్మారావు సూరత్ మిల్లులో
రెండేసి షిఫ్టులు నిలబడ్డ ఏడాది
వాడి వాటా కూడా కలిపి
అచ్చుతో, నాడెతో సహా అమ్మేశాను.

తప్పు చేశానని
ఇచ్ఛాపురం టీకొట్టులో చెప్పాను.
రంభ దగ్గర టైరు పేలిన రాత్రి
ముక్కూ మొహం తెలీని లారీ క్లీనర్‌కి చెప్పాను.
గోపాలపూర్‌లో తాగి సముద్రానికి చెప్పాను.
తారాతారిణి మెట్లమీద
పుట్టువెంట్రుకలకొచ్చిన ఎవరి పిల్లాణ్ణో మోస్తూ
ఆ చిన్న చెవిలో కూడా చెప్పాను.
ఛత్రపురంలో, రైలుగేటు పక్కసందులో
ఆకుపచ్చ తలుపు ముందు మాత్రం
ఎన్నిసార్లు ఆగినా ఒకటే:
"అందరూ బాగున్నార్రా?"

తిరుగుదారిలో
బండి దానంతటదే ఆగిందని అబద్ధమెందుకు,
నేనే ఆపాను.
"మేడం, పది నిమిషాలు."
"ఇక్కడేముంది చూడ్డానికి?"
"ఏం లేదు."

లుంగీ ఎగ్గట్టుకుంటూ బయటికొచ్చాడు వాడు.
మరమగ్గాల హోరు మధ్య
ఒక చెవి సూరత్‌లోనే వదిలేశాడు.
వినపడే చెవివైపు జరిగి నిలబడ్డాను.
"మగ్గం..." అన్నాను.

నావైపు చూడలేదు.
వంగి, ఎనక టైరు మీద అరచెయ్యి ఆన్చి,
పడుగు బిగువు చూసినట్టు నొక్కి చూసి
"గాలి తగ్గింది" అన్నాడు.
ఇద్దరం అక్కడే గొంతుక్కూచుని
చాలాసేపు ఆ టైరుకేసే చూశాం.

కారద్దం దించిన చప్పుడైంది.
ఆవిడ ఫోటో తీసిందో లేదో,
నేను తలెత్తలేదు.