కూతకీ దీపానికీ మధ్య

ఓలేటి సూరన్న తలకి టోపీ తొడిగాను.
నెత్తి మీద జిగురు, చెవుల వెనక తీగలు.
"నాకే వల ఏసేసేవేటమ్మా" అన్నాడు
అద్దంలో చూసుకుని.

చెప్పాను: ముందు ఒక కూత వస్తుంది.
రెండు సెకన్లకి ఆకుపచ్చ దీపం.
దీపం వెలిగాకే మీట నొక్కాలి.
"అంతేనా?"
అంతే.

కిటికీ బయట అమలాపురం.
కొబ్బరికాయల లారీని వెనక్కి తీయిస్తూ
ఎవడో "రా, రా, రా" అంటున్నాడు.
కూత.
వేలు కదల్లేదు.
తెర మీద మాత్రం ఒక గీత,
పోటు వేళ మొగలో నీళ్ళు లేచినట్టు
చప్పుడు లేకుండా పైకి, ఇంకా పైకి.
దీపం. నొక్కాడు.
గీత కూలింది.

ఒక్కసారికి కనపడదది.
నలభైసార్లు ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీస్తే
రొదంతా అడుగంటి
ఎదురుచూపు ఒక్కటీ తేలుతుంది.
మా గ్రాఫులో ఋణాన్ని పైకి గీస్తారు, అన్నాను.
"మా ఇంట్లోనూ అంతే" అన్నాడు.

జిగురు ఆరేలోగా చెప్పుకొచ్చాడు:
తెల్లారగట్ల పాయలో మొలలోతు నీళ్ళు,
మోచేతి మీద సగం వల, పళ్ళ మధ్య అంచు,
నాలిక్కి సీసం రుచి.
కొయ్యింగ తిరిగిన చోట నీటి మీద చిన్న ముడత.
"అప్పుడు ఇసిరేది సెయ్యి కాదమ్మా.
అంతకుముందే లోపల ఎవడో ఇసిరేత్తాడు.
సెయ్యి ఆడెనకాల ఎల్తది."

రెండో వంతులో నియమం మార్చాను.
కూత వస్తుంది. దీపం వస్తే వచ్చినట్టు,
లేకపోతే లేదు.
మొదట్లో గీత లేచింది, అలవాటు చొప్పున.
రాని దీపం కోసం కాస్త నిలబడి
వంగి, వెనక్కి వెళ్ళింది.
పోనుపోను లేవడమే మానేసింది.
దీపం నిజంగా వచ్చినప్పుడు
వేలు ఆలస్యమైంది.

"వత్తదో రాదో సెప్పకపోతే
దేనికని కాసుకోను?"
కోపమేమీ లేదు గొంతులో.
రొయ్యల చెరువుల నీళ్ళు పాయలోకి ఒదిలిన ఏడు
నాలుగు నెలలు ముడతే పడలేదట.
వల బుజానే ఉండేది.
"సెయ్యి మాత్రం నాది కాదు."
వణుకు అప్పుడే మొదలైందంటాడు.
రాసుకుందామని చూశాను.
రిపోర్టులో దానికి గడి లేదు.

టోపీ తీసి, జుట్టుకంటిన జిగురు తడిగుడ్డతో తుడిచాను.
తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు,
మోచేతి మీంచి,
వల సర్దుకున్నట్టే.

సాయంత్రం మా బస్సు వంతెన ఎక్కింది.
పంటి ఆగిపోయి ఏడేళ్ళు.
అవతలి గట్టు దగ్గర,
పంటి రేవుని గుద్దుకునే ఆ తావు రాగానే
చెప్పుల్లో నా కాలివేళ్ళు బిగిశాయి.
కుదుపు లేదు.
తారు రోడ్డు నున్నగా పోయింది.
వేళ్ళు ఇంకాసేపు
అలాగే ఉన్నాయి.