జిప్పు ఎక్కడ?

సినిమాలో వాడి సూటుకి ఎక్కడా కుట్టు లేదు.
ఫోను ఆపి ఆపి చూశాను, పెద్దది చేసి చూశాను.
"మరి లోపలికెలా దూరాడే?" అంటే
నూకరత్నం విసుక్కుంది: "అది వేరే గ్రహం నాన్నా."

ఏ గ్రహమైతేనేం,
చంకలో గుడ్డ వదలకపోతే చెయ్యి లేవదు.

కంచరపాలెం మెట్టు దగ్గర
ఇరవై ఏళ్లుగా ఆటో సీట్లు కుడుతున్నవాణ్ణి.
మిగిలిన వెండిరంగు రెక్సిను ఛాతీకి సరిపోయింది,
భుజాలకి చాలక నీలం అతికాను.
మోచేతులకి కుక్కరు గాస్కెట్లు,
గుండె మీద సైకిలు రిఫ్లెక్టరు.
పదహారో నంబరు సూదులు రెండు విరిగాయి.

హెల్మెట్టు మాత్రం
ఫిషింగ్ హార్బర్లో అడిగి తెచ్చిన థర్మాకోల్ పెట్టె.
మూడుసార్లు కడిగినా, నిమ్మచెక్క రుద్దినా
వంజరం వాసన వదల్లేదు.
ఈ సముద్రపు గాలికి జిగురు ఓ పట్టాన ఆరదు.
రాత్రంతా టేబుల్ ఫ్యాను ముందు
తల ఒక్కటే కూర్చుంది.
కరెంటు పోయినప్పుడు అట్టముక్కతో విసిరాను.

పొద్దున్నే తొడిగాం. వంగలేదు, కూర్చోలేదు.
జిప్పు వీపున పెట్టాను, తన చెయ్యి అందదు.
"ఎవరో ఒకరు వెయ్యాలి మరి."
"ఆ వీరుడు ఒంటరివాడు నాన్నా."
"అందుకే కాబోలు, వాడికి కుట్టే లేదు."

బస్సులో నిలబడే వెళ్లాం.
"ఎవరిదమ్మా చేపలబుట్ట?" అందో ముసలమ్మ.
కండక్టరు రెండు నిమిషాలు తేరిపార చూసి
"ఆధారు కార్డు చూపించమ్మా" అన్నాడు.

కార్డు లోపలి చొక్కాలో ఉంది.
నక్షత్రాలు దాటే బట్టకి
జేబు పెట్టడం మరిచాను.