మబ్బు తీసేసిన ఫొటో

ఉరవకొండలో ఫ్లెక్సీల షాపు.
వారంలో ఆరు రోజులు నా పని
మొహాలు తెల్లబరచడం.
పుట్టినరోజు నాయకుడికి గడ్డం కింద మడత తీసేస్తాను,
ఓణీల ఫంక్షన్ పిల్లకి మొటిమలు తుడుస్తాను,
ఆధార్ కార్డులోంచి కత్తిరించిన చనిపోయిన తాతకి
ఎన్నడూ తొడగని కోటు తొడుగుతాను.
"ఇంగొంచెం తెలుపు," అంటాడు
నా కుర్చీ వెనక నిలబడ్డాయన.
ఎవరొచ్చినా ఆ మాటే.

ఆదివారం మాత్రం
ఓనరు మహబూబ్ పీరా కెమెరా ఇస్తాడు,
లెన్సు మీద గీత పడితే
జీతంలో పట్టుకుంటానని చెప్పి మరీ.

ఫోన్లో చూశాను ఎవరి దేశాలదో శరత్తు:
అడవికి అడవే కుంకుమ చల్లుకుని నిలబడింది.
మాకూ ఇది శరత్తే,
మా చెట్లకే ఆ సంగతి తెలీదు.
వేప పచ్చగానే ఉంది.
తుమ్మ పచ్చగా ఉండి పైగా పూసింది.
రాలినవంటూ ఉంటే చెనక్కాయ ఆకులే,
అవీ తిక్క తెగులు మచ్చలు పడి.

వజ్రకరూరు దారిలో బండి ఆపాను.
ఎర్ర నేల. పీకిన కట్టె కుప్పలు కుప్పలుగా,
వేళ్ళు పైకి, కాయలు ఎండకి.
దూరంగా గాలిమరలు మూడు,
రెండు తిరుగుతున్నాయి, ఒకటి అలిగింది.

హొన్నూరమ్మ కుప్ప పక్కన కూర్చుని
ఒక కాయ తెంపి
చెవి దగ్గర ఆడించి వింటోంది.
"ఫొటో తీసుకోనా అవ్వా?"
"కుప్పలతో కలిపి తీ నాయనా,
కౌలు లెక్క కాడ పనికొస్తాది."
ఒక కన్ను ఎండకి ముడుచుకుంది.
గోళ్ళ సందుల్లో ఎర్ర మన్ను.
నొక్కాను.

రాత్రి షట్టరు సగం దించి
కంప్యూటర్ ముందు కూర్చున్నాను.
ఆకుపచ్చని పట్టుకుని నారింజ వైపు జరిపాను.
వేప ఒప్పుకుంది. తుమ్మ ఒప్పుకుంది.
చేను మాత్రం అంటుకున్నట్టు కనిపించింది.
వెనక్కి జరిపాను.
ఆకాశం మరీ బోసిగా ఉందని
దాచుకున్న మబ్బుల ఫోల్డరులోంచి
నల్లటిది, కడుపుతో ఉన్నట్టున్నది, ఒకటి తెచ్చి అతికించాను.
అబ్బ, ఏం నిండుదనం!

అక్కడితో ఆగాల్సింది.
చెయ్యి ఊరుకోలేదు, ఆరు రోజుల అలవాటు,
మొహం మీదికి పోయింది.
కంటి కింద గీత తీశాను.
నుదుటి మీద మూడు తీశాను.
నోటి పక్కది తీస్తుంటే
దాంతోపాటు నవ్వు ఊడొచ్చింది.
చూద్దును కదా,
పూలదండ ఒక్కటే తక్కువ.

కంట్రోల్ జెడ్.
నోటి పక్క గీత వచ్చింది, నవ్వుతో సహా.
కంట్రోల్ జెడ్, కంట్రోల్ జెడ్,
ఒక్కో కరువూ ఒక్కో కాన్పూ
తమ తమ చోట్లు వెతుక్కుని కూర్చున్నాయి.
మబ్బు దగ్గర ఆగాను.
మబ్బు బాగుంది. ఉండనిచ్చాను.

బుధవారం ప్రింటు తీసుకుపోయి ఇచ్చాను.
కొంగుకి చేతులు తుడుచుకుని అందుకుంది.
తన మొహం చూసుకోలేదు.
పెదాలు కదుపుతూ వేలితో కుప్పలు లెక్కపెట్టింది.
లెక్క సరిపోయింది కాబోలు,
వేలు పైకి పోయి అక్కడ నిలబడింది.
"ఇదేందిరా?"
"మబ్బవ్వా."
"ఆ పొద్దు లేదే."
"నేనే పెట్టినా, అందంగా ఉంటాదని."
నా వైపు చూసింది,
దొంగని చూసినట్టు కాదు,
బడికి పోని పిల్లోణ్ణి చూసినట్టు.
"ముంగార్లో దీనికోసరం
మెడలు పట్టుకునేట్ల చూస్తిమి, రాకపాయె.
కాయ బయటేసుకున్నాక నువ్వు తెచ్చి పెడ్తివా?
ఒక్క జల్లు కొడితే నల్లబడదా, మొలకెత్తదా?
తీసెయ్ నాయనా.
తీసేసి ఇంగోటి తెచ్చియ్యి,
దుడ్లు కావాలంటే ఇస్తా."

తీసేశాను.
ఏమీ లేని నీలం.
మా షాపుకొచ్చే ఎవరైనా
ఖాళీగా ఉంది, ఏదో ఒకటి పెట్టమనే ఆకాశం.
ఫైలుకి పేరు పెట్టాను:
హొన్నూరమ్మ, మబ్బు లేకుండా.

ఆ రాత్రి తాళం వేసి బండి తీస్తుంటే
బళ్ళారి వైపు ఒక మెరుపు.
చప్పుడు లేదు.
తాళంచెవి చేతిలోనే పట్టుకుని
అది ఇటొస్తుందా, అటే పోతుందా అని
చాలాసేపు నిలబడ్డాను.