మూడో కిటికీ

సాల్తో పట్టణం ఖజానాలో మూడో కిటికీ నాది.
పంతొమ్మిదేళ్లు.
బాండు తెచ్చినవాళ్ల పేరు అడగకూడదు,
అది ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే.
నంబరు చూడటం, కూపను కత్తిరించటం,
వడ్డీ లెక్కపెట్టి ఇవ్వటం. అంతే నా కొలువు.

ఆ జూలైలో ఉరుగ్వే నది పొంగి రేవు మెట్లు మింగింది.
ఆఫీసంతా తడిసిన ఉన్నికోట్ల వాసన.
డైరెక్టరు ఇరిగారాయ్ గారు తానే కిందికి దిగొచ్చి
పసుపు కవరొకటి నా బల్లమీద పెట్టారు.
"మనవాడే. ఓపిక తక్కువ మనిషి. త్వరగా కానివ్వు."
నలభై బాండ్లు.
ఒక్కోదాని మీద నీలం సిరాతో ఒక ఓడ.

దొంగిలించిన బాండ్ల జాబితా
నా వెనక గోడకే ఉంది,
మాంసం కంపెనీ క్యాలెండరు కింద.
ఎత్తి చూడటానికి ఎంతసేపు?
ఒక దగ్గు దగ్గినంతసేపు.
నేను దగ్గాను.

విచారణలో జడ్జి అడిగింది ఒకటే:
"నీకు తెలియదా, తెలుసుకోలేదా?"
ఆ రెండు మాటల మధ్య సందులో
మంచం వేసుకుని, దీపం పెట్టుకుని
ఇన్నేళ్లూ కాపురం చేశానని
అప్పుడు తట్టింది నాకు.
"పైవారు ఇచ్చారండీ" అన్నాను.
"పైవారు సంతకం పెట్టారా?"
లేదు. సంతకం నాది.
గుండ్రంగా, చివర తోకతో,
బళ్లో బహుమతి తెచ్చిన చేతిరాత.

ఇరిగారాయ్ గారిని ఏదో దేశానికి కాన్సులుగా పంపారు.
నాకు జైలు వెయ్యలేదు, బాకీ వేశారు.
రెండువేల నాలుగువందల పెసోలు, నెలకు పది.
కిటికీ నుంచి తీసెయ్యనూ లేదు,
తీసేస్తే ఎక్కణ్ణుంచి తెచ్చి కడతాను?
ఓడిలియా వేళ్లమీద లెక్కేసి
"అప్పటికి నీకు అరవైమూడు" అంది.
మాతే సొరబుర్రలో వేడినీళ్లు పోసి
ముందు తనే తాగింది.

నా కత్తెర కోర్టులోనే ఉండిపోయింది,
చెవికి చీటీ కట్టించుకుని.
కొత్తది మొద్దు. కూపను అంచులు నలిపేస్తుంది.

నిన్న బెలెన్ నుంచి ఒక ముసలామె వచ్చింది.
ఒకే ఒక్క బాండు, చేతిగుడ్డలో చుట్టి.
లేచాను. క్యాలెండరు ఎత్తాను.
అంకె అంకెకీ వేలు ఆనించి చదివాను,
మళ్లీ మొదటినుంచి చదివాను.
వెనక వరసలో సణుగుడు.
"దొంగలా కనిపిస్తున్నానా బాబూ?"
జవాబు చెప్పకుండా కత్తిరించాను, వంకరగా.
మూడు పెసోల అరవై.
ఆమె కదల్లేదు.
కిటికీ ముందే నిలబడి
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకుంది.