ఎడమచేతి ముడి

న్యూలిన్ రేవులో, చేపల వేలంపాక వెనక
మాది రేకుల షెడ్డు.
తలుపు తీస్తే ముందు వాసన పలకరిస్తుంది:
నాచు, డీజిలు, ఎప్పుడో చచ్చిన పీత.
తర్వాతే మనుషులం.

ఫిబ్రవరి తుఫాను వెళ్ళిన మర్నాడు
కెరెన్సా ట్రాక్టరేసుకుని గులకరాళ్ళ ఒడ్డుకు పోయింది.
మధ్యాహ్నానికల్లా సముద్రం కక్కినదంతా
షెడ్డు ముందు కుప్ప.
సీసా మూతలు, లైటర్లు, ఇసకలో ఆడుకునే పార,
ఒంటి చెప్పులు.
జత చెప్పును ఏ అలా తేలేదు ఇంతవరకూ.

నా పని రంగులు వేరు చెయ్యడం.
డబ్బాల మీద కెరెన్సా అంకెలు వేసుకుంది.
నాకు అంకెల్లో రంగు కనపడదు.
టేపు అతికించి నా అక్షరాల్లో రాసుకున్నాను:
చిలకపచ్చ. మెంతిరంగు. వంకాయ. ఇటికపొడి.
ఎండా ఉప్పూ కలిసి నమిలేసిన ఎరుపుకి
పేరు దొరక్క
'ఉతికిన రవిక' అని రాశాను.
ఇప్పుడా కార్నిష్ పిల్ల
'రెండు కిలోల వంకాయ!' అని కేకేస్తే
పక్క షెడ్డు కుక్క చెవులు రిక్కిస్తుంది.

ట్రూరోలో ఒక హోటలు వాళ్ళు
నాలుగు బెంచీలు అడిగారు.
నున్నగా ఉండాలట.
చూస్తే సముద్రం గుర్తు రావాలట.
సముద్రం వాసన మాత్రం రాకూడదట.

ఈసారి కుప్పలో పెద్దది ఒక ఆకుపచ్చ వల,
గున్న ఏనుగంత చుట్ట.
విప్పుతూ పోతే లోపల
ఒక పక్షి రెక్క,
ఇంకా లోపల సీలు పిల్ల ఎముకలు,
పొందిగ్గా, ఎవరో మూట కట్టి దాచినట్టు.

కత్తి పెట్టబోతుంటే
గుమ్మంలో హెడ్లీ.
డెబ్బై తొమ్మిదేళ్ళు. రోజూ వస్తాడు,
మా టీ బాగోదని చెప్పి
మొత్తం తాగి వెళతాడు.
ఆ రోజు కప్పు అందుకోలేదు.
ఒంగి, ఒక ముడిని బొటనవేలితో తిప్పి చూశాడు.
'ఎడమచేతి వాటం' అన్నాడు.
ఇంకో ముడి. ఇంకోటి.
'ఈ రేవులో ఎడమచేత్తో చిరుగులు కుట్టుకున్నది
నేనొక్కణ్ణే.'

తొంభై ఒకటి, నవంబరు.
గాలి పడవను పక్కకు పడుకోబెడుతుంటే
వల తెగనరికి ఒడ్డెక్కాడు.
నలుగురు ప్రాణాలతో వచ్చారని
ఊరంతా కావలించుకుంది.
వల ఏమైందని ఎవరూ అడగలేదు.

'ముప్పై మూడేళ్ళు' లెక్కపెట్టాడు.
'నేను రిటైరయ్యాను.
ఇది అవలేదు.'

ఎముకల వైపు చూడలేదు.
చూడకపోవడాన్ని మేం చూశాం.

ఉప్పు తిన్నచోట ద్రోహం చెయ్యకూడదని
మా వైపు ఒక మాట.
అది నోటిదాకా వచ్చింది.
మింగేశాను.
ఉప్పగానే ఉంది.
'కావాలంటే దీన్ని పక్కన పెడతాం' అన్నాను.
బదులుగా కత్తి కోసం చెయ్యి చాచాడు.
ఎడమ చెయ్యి.
దీపాలు పెట్టే వేళ దాకా
తన వలను తనే కోశాడు,
ప్రతి ముడి దగ్గరా ఒక్క క్షణం ఆగుతూ.

నూట ఎనభై డిగ్రీల దగ్గర పచ్చ మెత్తబడుతుంది.
ప్రెస్సు మూసేముందు
జేబులోంచి ఒక ముడి తీసి పైన పడేశాడు.
కెరెన్సా చూసింది.
చూసి, మూత దించింది.

పలక చల్లారాక
చిలకపచ్చ మీద వంకాయ చారలు,
ఒక మూల ఉతికిన రవిక చెంగు,
నడిమధ్య
సగం కరిగి, మిగతా సగం
కరగనని మొండికేసిన ముడి.

హోటలు వాళ్ళు మూడే పట్టుకెళ్ళారు.
నాలుగోది కూర్చుంటే గుచ్చుకుంటుందన్నారు.

అది మా షెడ్డు బయటే ఉంది.
హెడ్లీ దానిమీద కూర్చునే
టీ బాగోలేదంటాడు.
బారెడు బెంచీ ఖాళీగా ఉన్నా
గుచ్చుకునేచోటే కూర్చుంటాడు.

రాత్రి మళ్ళీ గాలి లేచింది.
పొద్దున్నే ట్రాక్టరు చప్పుడు.
టేపు చుట్ట ఎక్కడ పెట్టానో వెతుక్కుంటున్నాను,
మొన్న వచ్చిన నీలానికి
ఇంకా పేరు పెట్టలేదు.