ఇన్‌కమింగ్‌కి రెండు రూపాయలు

గిద్దలూరు బస్టాండు ఎదురుగా
పసుపు బోర్డు కింద నాదొక బూతు.
పోలియో కాలు చూసి సర్కారు ఇచ్చింది.
తలుపు చెక్క ఉబ్బి సరిగా పడేది కాదు.
అందుకే మిలిట్రీ ఇళ్ళ సంగతులు
నాకు తెలిసినన్ని
ఆ ఇళ్ళ మగవాళ్ళకు తెలియవు.

బయటికి చేస్తే మీటరు.
ఇన్‌కమింగ్‌కి రెండు రూపాయలు.
మనిషిని పిలుచుకురావాలంటే ఇంకో రూపాయి,
అది సైకిలు కుర్రాడికి.

ఆదివారం రాత్రి పది దాటితే
బెంచీ మీద నలుగురైదుగురు ఆడోళ్ళు,
కొంగున చిల్లర, ఒళ్ళో నిద్రపోయే బిడ్డ.
ఎవరికోసం మోగుతుందో తెలియదు.
మోగగానే అందరూ లేచేవాళ్ళు.
నేను పేరు పిలిచాక
ఒకామె తప్ప అందరూ కూర్చునేవాళ్ళు.
ఆ కూర్చోవడం చూడలేక
లెక్కల పుస్తకంలో తల దూర్చేవాణ్ణి.

కాశమ్మ మగడు ఓబులేసు
ఎక్కడో మంచు మీద.
మాటకూ మాటకూ మధ్య ఆగేది లైను,
గొంతులు గుద్దుకునేవి.
బోరు ఎండి, బత్తాయి తోట కొట్టేసి
కట్టెల అడితికి తోలిన వారం
కాశమ్మ ఫోనులో అంది:
"కాయ బాగా దిగింది, తినను నువ్వే లేవు."
అత్తకు గుంటూరు పెద్దాసుపత్రిలో
రొమ్ము తీసేసిన నెల,
"పెద్దామె నిద్రపోతా ఉంది, లేపనా?" అంది.
ఏడో నెల కడుపు నిలవని పదోరోజు
గోడ పట్టుకుని నిలబడి అడిగింది:
"ఆడ చలెట్టా ఉంది?"

అవతల ఆయనా తక్కువోడేం కాదు.
"చలా? మన దిగువమెట్ట అడివిలో
మార్గశిరం మాదిరే."
ఆ చలి ఎడంకాలి వేళ్ళు మూడు తినేసిందని
సెలవుకొచ్చి బస్సు దిగి
నా బూతు అరుగు మీద బూటు విప్పితే తెలిసింది.
కాశమ్మ చూసింది. ఏమీ అడగలేదు.
మర్నాడు తోటలో
మొద్దుల మధ్య నిలబడి
ఆయనా ఏమీ అడగలేదంట.

దేశం సంగతి నాకు పెద్దగా తెలియదు.
జెండా పండక్కి బిళ్ళలు పంచడం తెలుసు.
షట్టరు దించి
నేను గుర్రుపెట్టి నిద్రపోయిన రాత్రులన్నీ
ఈ ఇద్దరి అబద్ధాల మీద
చాప పరుచుకున్నవేనని
చాలా ఆలస్యంగా తెలిసింది.

మస్తాన్‌బీకి వచ్చిన ఆఖరి ఫోను
హిందీలో వచ్చింది.
నాకు హిందీ రాదు.
పేరు అర్థమైంది. గొంతు అర్థమైంది.
ఆ రాత్రి సైకిలు కుర్రాణ్ణి పంపలేదు,
కర్ర పోటేసుకుంటూ నేనే పోయాను.
దూదేకుల వీధి అంత పొడుగని
అంతకు ముందు తెలియదు.
పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా
గడి ఇప్పటికీ ఖాళీ.

బూతు పోయి జిరాక్సు షాపైంది.
మొన్న కాశమ్మ వచ్చింది,
మనవరాలి మార్కుల కాగితం పట్టుకుని.
"నర్సమ్మ చదువంట. మిలిట్రీలోనే."
అని, కాసేపు వీధి వైపు చూసింది.
కాపీ రెండు రూపాయలు.
వద్దన్నాను.
"ఏం, కరెంటు నీకు ఊరికే ఇస్తన్నారా?"
బిళ్ళ అద్దం మీద టకీమని పెట్టింది.

ఆ ముందురోజే పాత పుస్తకం తీసి కూడాను.
పదకొండేళ్ళకు ఆమె దగ్గర తీసుకున్నది
ఆరువందల ఇరవై రెండు.
తిరిగిద్దామంటే
ఏమని రాయాలి ఖర్చు కింద?

"ఎట్టుండారమ్మా అందరూ?"
మధ్యలో అద్దం తలుపు లేదు ఈసారి.
"మాకేం నాయనా, బాగుండాం."

దణ్ణం పెడదామనుకున్నాను.
ఒక చేతిలో కర్ర.